బడి దగ్గర బాడుగ ఇల్లు: చిరునామా ఎవరిది?

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూతపడి, జూన్ రెండో వారంలో మళ్లీ తెరుచుకుంటాయి. కర్నూలులో ఇళ్లు మారే కాలం ఆ మధ్యలోనే. వెంకటరమణ కాలనీలోనో, నంద్యాల చెక్‌పోస్టు వైపో, బాలాజీ నగర్‌లోనో టులెట్ బోర్డు చూసి ఆగిన కుటుంబం గదులెన్నో అడగకముందే ఫలానా బడి ఇక్కడికి ఎంత దూరమని అడుగుతుంది. అనంతపురం సాయినగర్‌లోనూ, కడప ఎర్రముక్కపల్లెలోనూ ఇదే వరస. ఇంటి యజమానికి ఈ ప్రశ్న వినసొంపుగానే ఉంటుంది, ఎందుకంటే బడి పేరు చెప్పి బాడుగ కొంత పెంచి అడగవచ్చు. అయితే అదే యజమాని, అదే వీధిలోని సొంతిళ్ల వాళ్లు, ఆ కుటుంబం సామాను దించిన మరునాటి నుంచే వాళ్లను 'బాడుగోళ్లు' అనే ఒక్క మాటలో పక్కన పెడతారు. మోటారు ఎక్కువసేపు నడిచినా, మెట్ల మీద చెప్పులు చెల్లాచెదురుగా ఉన్నా, వీధి చివర చెత్త పడినా తప్పు ముందుగా వెళ్లి తగిలేది ఆ కుటుంబానికే.

ఈ వైఖరిని ఒక్క దురభిమానంగా చూస్తే అర్థం కాదు. ఇందులో నీళ్ల లెక్క ఉంది, పన్నుల లెక్క ఉంది, కులమతాల లెక్క ఉంది, 'రేపు పోయేవాళ్లు' అన్న లెక్క ఉంది. ఇవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే అయిష్టంగా బయటపడతాయి. విడదీసి చూస్తే కొన్నింటిలో కొంత నిజం కనిపిస్తుంది, కొన్ని పూర్తిగా తలకిందులైన లెక్కలని తేలుతుంది.

అసలు కర్నూలు నగరానికి బాడుగ కుటుంబం కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఇక్కడ కార్యాలయాలకే గుడారాలు వేశారు. వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు చాలక, ఊరి ఇళ్లలో ఒక్కొక్క గదిని పంచుకుని కాపురాలు పెట్టారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక కూడా ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు నగరంలో నిలిచిపోయాయి. తర్వాత 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు, పాతబస్తీలో తరాలుగా సొంతిళ్లున్న కుటుంబాలు కూడా ఎత్తు ప్రాంతాల్లో బాడుగ ఇళ్లు వెతుక్కున్నాయి. అంటే ఈ నగరంలో చాలా ఇళ్ల చరిత్రలో ఎక్కడో ఒకచోట బాడుగ ఉంది. దానిని మరచిపోవడం కూడా చాలా త్వరగానే జరిగింది.

ఇక ఇప్పుడు బడుల చుట్టూ చేరే వాళ్లెవరో చూద్దాం. యజమాని దృష్టిలో వీళ్లందరూ సమానం కాదు. బదిలీ మీద వచ్చిన ప్రభుత్వ ఉద్యోగి, బ్యాంకు ఉద్యోగి మొదటి వరసలో ఉంటారు. నెల జీతం, ఒకరిద్దరు పిల్లలు, రెండు మూడేళ్లకు మళ్లీ బదిలీ. విచిత్రమేమిటంటే ఇతర బాడుగ కుటుంబాల విషయంలో తప్పుగా కనిపించే తాత్కాలికత, ఉద్యోగి విషయంలో సుగుణమవుతుంది: ఖాళీ చేయమని చెప్పాల్సిన పని లేకుండా తానే వెళ్లిపోతాడు. ఆ తర్వాతి వరస ప్రైవేటు ఉద్యోగులది. వీళ్లలో ఆ బడిలోనే పాఠాలు చెప్పే ఉపాధ్యాయులూ ఉంటారు. బడి వల్ల పెరిగిన బాడుగను ఆ బడి ఇచ్చే జీతంతో కట్టలేక నాలుగు వీధుల అవతలికి వెళ్లేదీ వీళ్లే. చివరి వరసలో పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే కాబట్టి ఈ కుటుంబం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు పల్లెల నుంచి పిల్లల చదువుకోసం వచ్చే చాలా కుటుంబాలు పూర్తిగా రావు, సగమే వస్తాయి. సేద్యం చూసుకోవడానికి భర్త ఊరిలో ఉండిపోతాడు. భార్య, పిల్లలు, ఒక్కోసారి తోడుగా అత్తో అమ్మో కర్నూలులో రెండు గదుల పోర్షన్‌లో ఉంటారు. కొన్ని ఇళ్లలో తల్లి కూడా పొలం పనులకు ఊరిలోనే ఉండి, పిల్లలను జేజి దగ్గర వదులుతుంది. రేషను కార్డు ఊరిదే, ఓటు ఊరిదే, పింఛను ఊరిదే, పండగ ఊరిదే. పట్నంలో ఉన్నది బడి మాత్రమే. ఇలాంటి కుటుంబం ఇల్లు అడగడానికి వెళ్తే జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది.

"ఎంతమందమ్మా మీరు?"

"నేను, ఇద్దరు పిల్లోళ్లు, మా అత్త సార్."

"మీ ఆయన?"

"ఊర్లో సేద్యం సార్. శనివారం వచ్చి సోమవారం పొద్దున పోతాడు."

"మీ ఇంటిపేరేమి?"

ఆమె చెబుతుంది. యజమాని కాసేపు ఆగుతాడు. "మా ఇంట్లోళ్లను ఒక మాట అడిగి ఫోన్ చేస్తానమ్మా, నంబరు ఇచ్చి పో" అంటాడు. ఆ ఫోన్ సాధారణంగా రాదు.

ఈ నాలుగు ముక్కల్లో మూడు అనుమానాలు దాగి ఉన్నాయి. మగమనిషి రోజూ లేని ఇల్లు కాబట్టి ఎవరు వస్తారో ఎవరు పోతారో అన్నది మొదటిది. శనివారం రాత్రి పొద్దుపోయాక బండి మీద వచ్చినవాడు ఆమె భర్తేనని ఇరుగుపొరుగుకు తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఈలోపు మాటలు పుడతాయి. రెండోది డబ్బుకు సంబంధించింది. సేద్యం చేసే ఇంటికి నెల జీతం ఉండదు. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర బాగుంటే మూడు నెలల బాడుగ ఒకేసారి చేతిలో పెడతారు. ధర పడిపోతే రెండు నెలలు వాయిదా అడుగుతారు. సంవత్సరం మొత్తం మీద లెక్క వేస్తే బాకీ ఉండకపోవచ్చు గానీ, ఒకటో తేదీని మాత్రమే నమ్మే యజమానికి ఈ పంటల క్యాలెండరు అర్థం కాదు. మూడోది ఇంటిపేరు వెనుక ఉన్న కులం. కర్నూలు లాంటి, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న నగరంలో పేరు చెప్పగానే 'ఇప్పుడే ఇంకొకరికి మాట ఇచ్చామ'ని వినాల్సి వచ్చే కుటుంబాలున్నాయి. 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు అదే పనిని ఇంకొంచెం మర్యాదగా చేస్తుంది.

దీనిని ఆపే చట్టం మనకు దాదాపు లేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం ప్రభుత్వం వివక్ష చూపరాదని చెబుతుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల వంటి చోట్లకు దాని రెండో భాగం వర్తిస్తుంది. ఒక వ్యక్తి తన ఇంటిని ఎవరికి బాడుగకు ఇవ్వాలన్న ఎంపికను అది నేరుగా తాకదు. పార్సీలకు మాత్రమే సభ్యత్వం ఇచ్చే ఒక సహకార గృహ సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. అమెరికాలో 1968 నాటి గృహ వివక్ష నిరోధక చట్టం జాతి, మతం, పుట్టిన దేశం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించింది. పిల్లలున్నారన్న కారణంతో నిరాకరించడాన్ని 1988 సవరణ అందులో చేర్చింది. అయితే యజమాని తానూ అదే భవనంలో ఉంటూ, మొత్తం నాలుగు కాపురాలకు మించకపోతే ఆ చట్టం నుంచి చాలావరకు మినహాయింపు ఉంటుంది. కింద తాము ఉండి పైన రెండు పోర్షన్లు బాడుగకు ఇచ్చే మన కాలనీల యజమానులు అక్కడున్నా చాలామంది తప్పించుకునేవాళ్లే.

నీళ్ల విషయానికి వస్తే యజమానుల ఫిర్యాదులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. నగరానికి ప్రధాన ఆధారం సుంకేసుల నుంచి వచ్చే తుంగభద్ర నీరు. నదిలో నీరు తగ్గిన ఎండాకాలంలో కొళాయి రోజు విడిచి రోజు వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు, బోరు ఉన్నా ఎప్పటివరకు పోస్తుందో చెప్పలేం. నలుగురని చెప్పి దిగిన ఇంట్లో ఏడుగురు స్నానం చేస్తే ట్యాంకు ఖాళీ అవుతుంది. ఆ అదనపు ముగ్గురు ఎవరన్నది ఎవరూ ఆగి ఆలోచించరు. కర్నూలు పెద్దాసుపత్రికి జిల్లా నలుమూలల నుంచే గాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. పల్లెలో ఎవరికి జబ్బు చేసినా, పట్నంలో మనవాళ్ల ఇల్లు ఒకటి ఉందంటే, రోగితో పాటు వచ్చిన ఇద్దరు రాత్రికి అక్కడే పడుకుంటారు. బడి కోసం తీసుకున్న ఇల్లు ఊరంతటికీ సత్రమవుతుంది. రావద్దని చెబితే ఊరిలో తలెత్తుకోలేరు, రానిస్తే ఇక్కడ యజమానికి ముఖం చూపించలేరు. ఈ ఇరకాటంలో నలిగేది ఎక్కువగా ఆ ఇల్లాలే.

'రేపు పోయేవాళ్లు' అన్న ఆరోపణ మాత్రం విచారణకు నిలవదు. వాళ్లను అలా తయారు చేసింది ఒప్పంద పత్రమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మూలపాఠం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, ఆ బెడద తప్పించుకోవడానికి దేశమంతటా పదకొండు నెలల ఒప్పందం ఆచారమైంది. జూన్ ఒకటిన రాసుకున్న పదకొండు నెలల కాగితం ఏప్రిల్ ఆఖరుకు ముగుస్తుంది. సరిగ్గా పరీక్షలు అయిపోయి, కొత్త కుటుంబాలు ఇళ్లు వెతకడం మొదలుపెట్టే సమయం అది. బాడుగ పెంచి అడగడానికి యజమానికి ఇంతకంటే అనువైన రోజు ఉండదు. కట్టలేనివాళ్లు మారతారు, మారితే 'వీళ్లకు ఒకచోట నిలకడ లేద'ంటారు. అసలు కాగితమే లేకుండా నెలనెలా బాడుగ కట్టే వాళ్ల పరిస్థితి ఇంకా సన్నం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. పదో తరగతి పరీక్షలకు ముందు ఫిబ్రవరిలో ఆ నోటీసు వస్తే ఒక పిల్ల చదువు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదని, లిఖితపూర్వక ఒప్పందం తప్పనిసరని చెప్పింది గానీ, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప అలాంటి నమూనాకు అమలు ఉండదు.

పన్నుల సంగతి మరీ ఆసక్తికరం. 'ఇంటి పన్ను కట్టేది మేము, వసతులు వాడుకునేది వాళ్లు' అన్న మాట కాలనీ సంఘాల సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో 2021 ఏప్రిల్‌కు ముందు ఇంటి పన్నును ఆ ఇంటికి రాగల వార్షిక బాడుగ మీదే లెక్కించేవారు. ఇప్పుడు స్థిరాస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. పద్ధతి ఏదైనా యజమాని ఆ పన్నును తన ఖర్చుల్లో వేసుకునే బాడుగ నిర్ణయిస్తాడు, పన్ను పెరిగిన ఏడు బాడుగ పెరగడం అందుకే. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది. పోటీ పరీక్షలకు చదువుకునే యువకులతో నిండిపోయే జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఆ డబ్బే ఆధారం. రశీదు మీద పేరు యజమానిదే అయినా, అందులో చాలా భాగం పైపోర్షన్‌లోని కుటుంబం జేబులోంచి వచ్చిందన్న మాట ఎవరికీ తట్టదు.

ఇదే వాదన అమెరికాలో ఇంకా పెద్ద స్థాయిలో వినబడుతుంది. దాని గురించి చెప్పుకోవడం దారి తప్పడం కాదు, ఎందుకంటే కర్నూలు, కడప కాలనీల్లో ఎన్నో ఇళ్ల యజమానుల కొడుకులూ కూతుళ్లూ అక్కడ బాడుగ ఇళ్లలోనే ఉన్నారు. అక్కడ ప్రభుత్వ బడి చిరునామాను బట్టి వస్తుంది. ప్రతి ప్రాంతమూ ఒక పాఠశాల జిల్లా పరిధిలోకి వస్తుంది. ఆ జిల్లా పరిధిలో ఉన్నవారి పిల్లలకు ఫీజు లేకుండా చదువు దొరుకుతుంది. బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది కాబట్టి మంచి బడి ఉన్నచోట ఇంటి ధర పెరుగుతుంది, ధర పెరిగినచోట పన్ను ఎక్కువ వస్తుంది, పన్ను ఎక్కువైనచోట బడి ఇంకా బాగుపడుతుంది. ఈ అసమానతను ప్రశ్నిస్తూ టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకు చెందిన డెమెట్రియో రోడ్రిగెజ్ తదితర తల్లిదండ్రులు వేసిన కేసును 1973లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురు తేడాతో కొట్టివేసింది. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం విద్య ప్రాథమిక హక్కు కాదని చెప్పింది.

మన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లకు ఆకర్షణ ఆ బడులే. ఇల్లు కొనేంత డబ్బు లేనివాళ్లు, వీసా స్థిరపడనివాళ్లు ఆ పరిధిలో అపార్టుమెంటు బాడుగకు తీసుకుంటారు. బాడుగ ఒప్పందం, కరెంటు బిల్లు చూపిస్తే బడి చేర్చుకుంటుంది. చట్టం దృష్టిలో సొంతిల్లుకూ బాడుగ ఇంటికీ తేడా లేదు. పొరుగువారి దృష్టిలో ఉంది. కొత్త అపార్టుమెంట్లకు అనుమతి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా 'వీళ్లు పన్ను కట్టరు, తరగతులు నింపేస్తారు' అన్న అభ్యంతరం లేస్తుంది. నిజానికి టెక్సాస్‌లో, యజమాని తానే నివసించే ఇంటికి బడి పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి కొంత తీసివేస్తారు. 2023లో ఆ మినహాయింపును 40 వేల డాలర్ల నుంచి లక్ష డాలర్లకు పెంచారు. బాడుగకు ఇచ్చిన అపార్టుమెంటుకు ఈ మినహాయింపు వర్తించదు. ఆ భవనం విలువ మొత్తం మీద పన్ను పడుతుంది, అది బాడుగలో కలుస్తుంది. పైగా ఒక్కో ఇంటికి లెక్కిస్తే అపార్టుమెంట్లలో కంటే విడి ఇళ్లలోనే బడి వయసు పిల్లలు సగటున ఎక్కువమంది ఉంటారు. అంటే పన్ను ఎగ్గొట్టి బడి వాడుకుంటున్నాడని పేరు పడ్డ వ్యక్తే రాయితీ లేకుండా పన్ను మోస్తున్నాడు. ఫ్రిస్కోలో తన కొడుకును అలా చూస్తే నొచ్చుకునే కర్నూలు తండ్రి, తన మేడ మీది కుటుంబాన్ని అదే మాటతో కొలవడానికి వెనుకాడడు. ఇది నాకు కపటంగా కంటే, రెండు లెక్కలనూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడకపోవడంగానే అనిపిస్తుంది.

చిరునామా మీద అంత బరువు పెడితే దానికి కాపలా కూడా కఠినంగానే ఉంటుంది. ఒహాయో రాష్ట్రంలో తన తండ్రి చిరునామా చూపి పిల్లలను మెరుగైన పాఠశాల జిల్లాలో చేర్పించినందుకు కెల్లీ విలియమ్స్-బోలార్ అనే తల్లి 2011లో జైలుకు వెళ్లింది. చైనాలోనూ మంచి బడి పరిధిలోని ఇళ్లకు విపరీతమైన ధర. సొంత ఇల్లు లేనిదే పిల్లలకు ఆ బడి దొరకని పరిస్థితిని సడలించడానికి, అర్హులైన బాడుగదారుల పిల్లలకూ దగ్గరి బడిలో చోటిస్తామని గ్వాంగ్‌జౌ నగరం 2017లో ప్రకటించింది.

మన దగ్గర అలాంటి హద్దులు లేవు, ఫీజు కట్టగలిగితే ఏ వీధి నుంచైనా ఏ ప్రైవేటు బడికైనా పోవచ్చని అనుకుంటాం. అది సగమే నిజం. 2009 విద్యాహక్కు చట్టంలోని 12వ సెక్షన్ కింద ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లను బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లకు ముందు బడికి కిలోమీటరు లోపు ఉన్నవారిని, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు ఉన్నవారిని చూస్తారు. అంటే పేద పిల్లకు మాత్రం ఇక్కడ కూడా చిరునామాయే సీటు. ఆధారు, రేషను కార్డు, కరెంటు బిల్లుతో పాటు బాడుగ ఒప్పందాన్ని కూడా రుజువుగా చూపవచ్చు. సరిగ్గా ఆ కాగితమే యజమాని ఇవ్వడు. 'కాగితం ఇస్తే రేపు ఇల్లు నాదంటారు' అన్న భయం ఒకటి. బాడుగ ఆదాయం లెక్కల్లోకి వస్తుందన్న జంకు ఇంకొకటి, ఇది పైకి చెప్పరు. ఏటా లక్ష రూపాయలకు మించి బాడుగ కట్టే ఉద్యోగి, ఆదాయపు పన్నులో ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం యజమాని పాన్ నంబరు అడిగినప్పుడు ఎదురయ్యే విముఖతకూ ఇదే కారణం. మూడోది కరెంటు మీటరు. బడి పిల్లల తల్లులకు డబ్బు ఇచ్చే తల్లికి వందనం వంటి పథకాలకు నెలకు 300 యూనిట్ల లోపు వాడకం ఉండాలన్న షరతు ఉంది కాబట్టి, పోర్షన్ల మీటర్లన్నీ తన పేరు మీదే ఉన్న యజమానికి, బాడుగ ఇంట్లో కాలిన కరెంటు తన ఖాతాలో పడి తన ఇంట్లోని పథకం పోతుందేమోనన్న బెంగ. ఒకే మీటరు మీద రెండు కాపురాలుంటే అదే బెంగ బాడుగ కుటుంబానిది కూడా.

ఊరి చిరునామాను వదులుకోవడంలోనూ నష్టం ఉంది. ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఉన్న జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు కేటాయిస్తారు. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివితేనే ఆ కోటా. ఆ మూడేళ్లలో కొంతకాలం పట్నం బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. మూడో తరగతికే కర్నూలుకు తెచ్చి చేర్పించిన తల్లి, పేరున్న ప్రైవేటు బడికి ఫీజు కడుతూనే, తెలియకుండా ఆ కోటాను పోగొట్టుకుంటుంది. పల్లె చిరునామా చెల్లకుండా పోయింది, పట్నం చిరునామా చేతికి రాలేదు.

కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బడి ఎంత దూరమని అడగడంతో పాటు, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే, ఒప్పందం రాసిస్తారా లేదా, అందులో గడువు జూన్ నుంచి మరుసటి మే ఆఖరు దాకా ఉంటుందా, చదువు మధ్యలో ఖాళీ చేయమనకూడదన్న మాట చేరుస్తారా అని అడగవలసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి సవరణ తర్వాత గడువు ఎంతైనా లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరే కాబట్టి, పదకొండు నెలలతో పోలిస్తే యజమానికి పోయేదల్లా ఒక్క నెల. విడి మీటరు ఉందో లేదో, ఉంటే ఎవరి ఆధారుకు అనుసంధానమై ఉందో వార్డు సచివాలయంలో కనుక్కోవచ్చు. ఆ ప్రశ్నలు విని తలుపు వేసే యజమానులు ఉంటారు, అయితే మే రెండో వారం దాటినా బోర్డు దిగని ఇళ్లలో బేరం కొంచెం తేలికగానే కుదురుతుంది.